పొయ్యి కాపలా

కయానీ డిపోలో బల్లకి అవతల నిలబడ్డ ఇర్మెలి
నా కొలతలు అడగలేదు, కళ్ళతోనే తీసుకుంది.
కోటు, మంచులో కలిసిపోయే తెల్ల ముసుగు,
ఉన్ని మేజోళ్ళు రెండు జతలు,
రైఫిల్ ఒకటి.
దాని నంబరు నాచేత పైకి చదివించింది
ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు.
"సంతకం పెట్టు. స్పూను పోతే డబ్బులు నీవే."

పన్నెండేళ్ళకి మళ్ళీ పిలిచారు, అయిదు రోజులకి.
బొత్తాం పెట్టబోతే పొట్ట ఒప్పుకోలేదు.
హెల్మెట్ లోపలి పట్టీ మీద
కొట్టేసిన పేర్లు రెండు, కొట్టెయ్యనిది ఒకటి: రౌతియో.
ఎవరో ఏమో,
అతని చెమట ఆరిన చోటే నా నుదురు ఆనించాను.

యార్డులో కొరియా నుంచి కొన్న ఫిరంగి బండ్లు,
జర్మనీ ట్యాంకులు,
ఎక్కడెక్కడి ఇనుమో వచ్చి
ఫిన్లాండ్ చలికి మూతి ముడుచుకుని కూర్చుంది.
వాటి వెనక గోడకి ఆనించి
నలభై ఆకుపచ్చ సైకిళ్ళు, గంటలతో సహా.
ఇవెందుకని ఎవరూ అడగలేదు.
డీజిల్ అయిపోయిన రోజున అడుగుతారు కాబోలు.

డ్రోన్ నేర్పడానికి వచ్చినవాడు యల్మరి,
పంతొమ్మిదేళ్ళు,
నా క్లాసులో త్రికోణమితి రెండుసార్లు తప్పినవాడు.
ఇవాళ గాలివాటానికి కోణం నోటితోనే కడుతున్నాడు.
వాడి పేపర్లు దిద్దిన నా వేళ్ళని
మీటల మీద వాడు దిద్దుతున్నాడు.
తెర మీద మేము ఎనిమిది తెల్ల చుక్కలం.
వాగు పక్కన ఇంకొన్ని తెల్ల చుక్కలు, దుప్పులు.
తేడా ఎలా తెలుస్తుందిరా అంటే
"దుప్పులు వరసలో నడవవు సార్."

ఆ తర్వాత చాలాసేపు
వరసలో నడవడానికి నాకు మనసొప్పలేదు.

గుడారం, ఇనప పొయ్యి, రంపం, గొడ్డలి,
అన్నీ స్లెడ్జి మీద కట్టి మేమే లాగాం.
ఉపగ్రహం దారి చెబుతోంది నిజమే,
మెడకి కాడి మాత్రం మాకే.
ప్లంబరు తూక్కా ముందు, నర్సు హన్నెలె వెనక,
మధ్యలో నేను, ఊపిరికి మీసాలు గడ్డకట్టి.

రాత్రి మైనస్ ఇరవై ఆరు.
ఎనిమిది మందిలో ఏడుగురు పడుకుంటే
ఒకరు పొయ్యి దగ్గర మేలుకోవాలి.
మా సైన్యంలో అన్నిటికంటే పాత ఉద్యోగం ఇది.
కట్టె వెయ్యాలి. నిప్పురవ్వ గుడ్డ మీద పడకుండా చూడాలి.
తూక్కా గురక ఆగితే
బతికే ఉన్నాడా అని వంగి చూడాలి.
నడిమి గుంజకి రైఫిళ్ళు వేలాడుతున్నాయి,
వాటి పైన తాడు మీద పదహారు మేజోళ్ళు.
రైఫిళ్ళ వంక ఒక్కసారి చూశాను.
మేజోళ్ళని గంటలో నాలుగుసార్లు తిరగేశాను.

తూర్పున రెండు సరస్సులు దాటితే సరిహద్దు.
ఆ అడవిలోంచే మా తాత తిరిగొచ్చాడు,
ఆయన కాలివేళ్ళు మూడు రాలేదు.
అందుకే మా ఇంట్లో పడుకోబోయే ముందు
దేవుణ్ణి తలుచుకోరు,
మేజోళ్ళు ఆరాయా అని అడుగుతారు.

సాయంత్రం ఫోన్లో మా పిహ్లా అడిగింది:
"సైన్యం ఏం పని చేస్తుంది నాన్నా?"
"ఎదురు చూస్తుంది."
"దేని కోసం?"
"రాకూడని దాని కోసం."
కాసేపు ఆలోచించి అంది,
"అమ్మ అయితే బస్సు కోసం చూస్తుంది.
అదైనా వస్తుంది."

మూడున్నరకి తూక్కాని లేపాలి.
నోరు తెరుచుకుని పసివాడిలా పడుకున్నాడు.
ఇంకో పది నిమిషాలు పోనిచ్చాను.
బయట ఎక్కడో మంచు బరువుకి కొమ్మ విరిగింది.
చెయ్యి దానంతటదే గుంజ దాకా వెళ్ళింది,
ఆగింది,
వెనక్కి వచ్చి ఇంకో కట్టె అందుకుంది.

శుక్రవారం ఇర్మెలి అన్నీ లెక్కపెట్టి తీసుకుంది.
కోటు ఉంది, ముసుగు ఉంది, రైఫిల్ నంబరు సరిపోయింది.
హెల్మెట్ లోపల రౌతియో పేరు కొట్టెయ్యలేదు,
నా పేరు రాయనూ లేదు.
"స్పూను?"
పోయిందన్నాను.
కళ్ళద్దాల పైనుంచి ఒక క్షణం చూసి
రసీదు చింపి ఇచ్చింది.
డబ్బులు కట్టాను.

సోమవారం బోర్డు మీద త్రిభుజం గీస్తూ
సుద్దముక్క కోసం జేబులో చెయ్యి పెడితే
చల్లగా తగిలింది.