మూడు రంగుల తీగ

ఒంగోలు, కర్నూలు రోడ్డు.
దుకాణం గుమ్మంలో చెప్పులు విడిచాను,
కాళ్లకింకా రాతి పిండి.
గాజు బల్ల మీద మూడు పెట్టెలు పరిచి
మాల్యాద్రి మొదలెట్టాడు:

"ఇది ఐదువేల తొమ్మిదొందలు, కంపెనీ సరుకు.
ఇది ఏడున్నర, వైఫై ఉంది, ఫోను కూడా అతుక్కుంటది.
ఇదేమో..."
మూడోదాన్ని గుడ్డతో తుడిచి ఊరుకున్నాడు.
ఎవరో బ్యాంకు మేనేజరు బదిలీ మీద పోతా వదిలేసింది.
రెండువేల రెండొందలు. రిమోటుకు వెనక మూత లేదు.

నా సంచిలో పదకొండు డిస్కులు.
బ్లాకులు కొనడానికి చీమకుర్తి వచ్చిన ఇటలీ ఆయన
గెస్టు హౌసులో మరిచిపోతే
కాటాకు వేయకుండా వాచ్‌మన్ ఏసోబు నాకిచ్చాడు.
అన్నీ సముద్రాలే. అట్టల మీద చేపలు,
నీలం మీద నీలం.

ఒకటి తీసి దీపం కింద ఏటవాలుగా పట్టాను.
ఇరవై రెండేళ్లుగా పలకలు చూసిన చూపు.
గీత ఎక్కడ పుట్టి ఎక్కడ చచ్చిందో
నా వేలిగోరుకు తెలుస్తుంది.
"ఎర్ర లైటు చదవలేనంత సన్నం అన్నా దీని రాత,
నీలం లైటు కావాల" అన్నాడు మాల్యాద్రి.
సన్నమంటే నాకు తెలుసు.
మూడువేల నంబరు సాన పట్టాక
నల్లరాయి లోపల్నుంచి తేలే బంగారు నలుసు.

కొత్త పెట్టెలు రెండూ డిస్కు మింగి, ఆలోచించి,
కక్కేశాయి. ఈ దేశంలో చెల్లదంట.
ప్రపంచాన్ని ముక్కలు కోశారంట,
ఏ ముక్క డిస్కు ఆ ముక్కకేనంట.
నేను సాన పట్టిన రాయి ఓడెక్కి
ఏ ఊరి హోటలుకు మెట్లయిందో నాకు తెలీదు,
ఏ రేవూ దాన్ని ఇట్టా కక్కలేదు.

మూడోదానికి బ్యాంకాయన ఏ మంత్రం వేయించాడో
కాసేపు గొణిగి, ఆడింది.

"సౌండు చూడన్నా, ఏడు పక్కల నుంచి..."
"చెవులు కట్టరు తినేసింది అబ్బయా,
బొమ్మ సంగతి చెప్పు."

సలోమి అప్పటిదాకా నోరు విప్పలేదు.
చీటీ పాడిన డబ్బు ఆమె పర్సులో,
ఆఖరి మాట కూడా అందులోనే.
కోడిపెట్టను కొనేటప్పుడు తోకెత్తి చూసినట్టు
పెట్టెల్ని ఒక్కోటీ వెనక్కి తిప్పింది.
"మన టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు బెజ్జాలు గదా.
వీటికేవీ?"
కొత్తవాటికి ఒకటే సన్నటి నోరు.
పాతదానికి మూడూ ఉన్నాయి,
పసుపుది కాస్త చిలుం పట్టింది.

మాల్యాద్రి అబద్ధం చెప్పలేదు.
"ఆ తీగలోంచి వస్తే ఇది బ్లూరే కాదక్కా.
నీలం లైటు చదివిందంతా దార్లోనే ఒలికిపోతది.
మామూలు బొమ్మే వస్తది."

సలోమి నా వైపు చూసింది.
నాకు మా ఇంటి గడప గుర్తొచ్చింది.
వెంట్రుకంత పగులుందని
ఎక్స్‌పోర్టోళ్లు పక్కన పెట్టిన పలక.
ఎండాకాలం మా పిల్లి దాని మీదే పడుకుంటుంది.

"రెండువేలకిస్తావా?" అంది సలోమి.
ఇచ్చాడు. తీగ ఊరికే.
రిమోటు మూతకు బదులు రబ్బరు బ్యాండు.

రాత్రి తొమ్మిదికి మా ఇంట్లోకి సముద్రమొచ్చింది,
కొంచెం మసగ్గా,
పేల్చిన సాయంత్రం క్వారీ గాలిలాగా.
ఇటలీ మాటలు. నాకు వినపడవు, ఆమెకు అర్థం కావు,
చెల్లుకు చెల్లు.
పక్కింటి పిల్లలు కిటికీ ఊచలకు వేలాడారు.
మా మంచమంత చేప ఒకటి
నిదానంగా ఒళ్లు తిప్పుతుంటే
కరెంటు పోయింది.

"మళ్లా మొదటికొస్తదేమో" అంది చీకట్లో.
అంత బేరమాడినోళ్లం
ఆ ఒక్క సంగతీ అడగలేదు.

పన్నెండు నిమిషాలు.
పిల్లలు కదల్లేదు.
కరెంటొచ్చింది. పెట్టె గొణిగింది, ఆలోచించింది.
రిమోటు నా చేతిలోంచి లాక్కుని
సలోమి నొక్కింది.

మిగిలిన సగం తిరిగింది చేప.