పునఃప్రారంభానికి కారణం

తెల్లవారుజామున మూడూ పన్నెండుకు ఆగిపోయింది.
మూడూ పదహారుకు తనంతట తానే లేచింది.
నారిన్ కొండల్లో ఆ వేళప్పుడు
తట్టి లేపడానికి మాత్రం ఎవరున్నారు?

మంచుసరస్సు గట్టు తెగితే
కింది లోయలో మూడూళ్లకు కూత పెట్టాల్సిన పెట్టె అది.
లోపల ఒక కావలికుక్కను కట్టేశాను నేను.
ఎనిమిది సెకన్లకోసారి ప్రోగ్రాం దాని తల నిమరాలి:
ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.
నిమరడం మానిందా, కరుస్తుంది.
కరవడమంటే కరెంటు కోసి మళ్లీ ఇవ్వడం.
మా వృత్తిలో సగం వైద్యం ఇంతే.

లేచీలేవగానే తన ఒళ్లు తాను తడుముకుంటుంది.
డిస్కులో అరలు లెక్కపెట్టుకుని
సగం రాసి వదిలిన వాక్యాన్ని కొట్టేసి
చివరిసారి నిజమని ఒప్పుకున్న చోటికి వెనక్కి నడిచి
అక్కణ్ణించి మొదలుపెడుతుంది.
నాకా విద్య రాదు.
సగం వాక్యాలన్నీ దాచుకునే మనిషిని.

పోయే ముందు జ్ఞాపకాన్నంతా ఒక ఫైలులో కుమ్మరిస్తుంది.
బిష్కెక్‌లో నా బల్ల మీదికి, ఒక్క ఏప్రిల్‌లోనే,
అలాంటివి పదకొండు వచ్చాయి.
పదకొండు మరణవాంగ్మూలాలు, ఒకదానితో ఒకటి పొసగవు.
ఒకసారి నీటిమట్టం చదువుతూ పోయింది,
ఒకసారి గడియారం సరిచేసుకుంటూ,
ఒకసారి ఏమీ చేయకుండా, ఊరికే.

తప్పు నా కోడ్‌దే అనుకున్నాను.
మూడు వారాలు వరుస వరుసా వెతికాను, పేలు చూసినట్టు.
మా అధికారి తాలాయ్‌బెక్ అన్నాడు:
"దానంతటది లేస్తోందిగా, ఇంకేం?"
నాలుగు నిమిషాలు, అన్నాను.
ఆ నాలుగు నిమిషాలూ సరస్సును చూస్తున్నదెవరు?
"సరస్సుకు నీ గడియారం తెలీదులే."
నా భయమూ అదే.

ఆఖరికి ఫైళ్లు కాదు, వోల్టేజీ గీత పట్టించింది.
పన్నెండున్నర ఉండాల్సింది, ఆగిన ప్రతి రాత్రీ పదికి జారింది.
ఆ రాత్రులన్నీ గడ్డకట్టించే రాత్రులు.
ఎవరో మా బ్యాటరీ తాగుతున్నారు.

జీపులో ఒక రోజు, గుర్రం మీద సగం రోజు.
స్టేషన్ గోడకానుకుని గొర్రెల కొట్టం,
కొట్టం ముందు బుర్మాకాన్ అవ్వ,
మోచేతుల దాకా ఉమ్మనీటి తడి.
మా పెట్టె వెనక నుంచి ఒక తీగ
రాళ్ల కింద దూరి, ఎండుగడ్డి మీంచి పాకి
ఒక బల్బు దగ్గర ఆగింది.
బల్బు కింద, పాత సైనికుడి కోటులో చుట్టిన గొర్రెపిల్ల,
చెవులు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

"నెలలు నిండకుండా పడ్డవి, బిడ్డా.
చలి మరీ కొరికిన రాత్రే వెలిగిస్తాను.
పదకొండు పెట్టాను. తొమ్మిది బతికాయి."

కేకలేద్దామనే వచ్చాను.
మూడూళ్లు, నాలుగు నిమిషాలు, అని వేళ్లు మడిచి చెప్పాను.
ఆమె చాలాసేపు పైకి, సరస్సు వైపు చూసింది.
"మొదటి ఊరు మాదే.
కానీ చీకట్లో, చేతిలో ఒకటి వణుకుతుంటే
ఊరు గుర్తుకు రాదు."

తీగ కత్తిరించాను.
మార్చడానికి తెచ్చిన కొత్త బ్యాటరీ బల్బుకు కట్టాను.
సంతకం చేయాల్సిన కాగితంలో ఒక గడి:
పునఃప్రారంభానికి కారణం.
సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్, వాతావరణం, తెలియదు.
వాతావరణం, అని టిక్కు పెట్టాను.
అబద్ధమేమీ కాదు. కొత్త బ్యాటరీ ఏమైందో రాయడానికి
కాగితంలో గడి లేదు.

టీ పోస్తూ అడిగింది అవ్వ,
చచ్చింది ఎలా లేస్తుంది మళ్లీ, అని.
లోపలి కావలికుక్క సంగతి చెప్పాను.
గడప మీద తోడేలంత కుక్క ఆవులించింది.
దాని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి అంది:
"ఇది కరిస్తే మాత్రం ఎవరూ లేవరు, చెప్తున్నా."