విశేషణం

నిఘంటువులో దాని అర్థం
పురావస్తు సంబంధమైన.
ఖిలా వరంగల్ మట్టికోట లోపల
తవ్వొద్దు, కట్టొద్దు.

ఆర్కియలాజికల్.
ఒంటిగా నిలవదు ఈ మాట,
వెనక ఓ నామవాచకం ఉండాలె అంటున్న.
సైట్, సర్వే, మ్యూజియం
బోర్డు మీద రాస్తుంటే
ఓదెలు లేచిండు.

"మా వంటింటి గోడ సార్.
మొన్నటి ముసురుకు కూలింది.
పర్మిషన్ రాలే.
ఇంకెన్నేండ్లు పడి ఉంటే
అది ఆర్కియలాజికల్ అయితది?"

క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలే.
గంట కొట్టిన్రు.
ఆ మాటను సొంత వాక్యంలో రాసుకరమ్మని
డస్టర్ దులుపుకుంటూ వచ్చేసిన.

తెల్లారి వాడి నోట్‌బుక్‌ల
తెలుగులో ఒక్క లైను:
"మా నాయన గోడకాడ తడక కట్టిండు."

ఆ మాట ఎక్కడా లేదు.
ఎర్రపెన్ను మూత తీసి
కాసేపు పట్టుకొని
రైటు కొట్టిన.