టిక్కు

బరంపురంలో రాత్రి పదకొండు దాటాక
కొత్త బస్టాండు వెనక సందు
ఇంకో ఒళ్లు తొడుక్కుంటుంది.
మూడు బార్లు, మేడ మీద పాటల గది,
నీలం బల్బు కింద
గోపాలపురం ఇసక ఇంకా దులపని చెప్పులు.
ఊరికి కొత్తవాళ్లు నడకలోనే తెలిసిపోతారు.
దారి చూడరు, బోర్డులు చూస్తారు.
ఒడియా అక్షరాల గుండ్రటి తలల మీంచి
వాళ్ల కళ్లు జారి
ఏదో ఒక మనిషి మొహం వెతుక్కుంటాయి.
ఆ వెతుకులాట కోసమే
కొందరు కాచుక్కూచుంటారు.

నేను మధ్య బారులో బిల్లులు రాస్తాను.
ఎదురుగా దాలమ్మ సోడా బండి.
నిమ్మకాయలు, నల్ల ఉప్పు,
దారంతో బండి కమ్మీకి కట్టిన పెన్సిలు,
అప్పడాల కంపెనీవాళ్లు పారేసిన లెక్కల పుస్తకం.

"ఒలే గుంటా, ఒక్కదానివేటి?
ఆగు, ఆ బండి నెంబరు రాసుకోనీ.
ఒరే కాళియా, టేసనే కదా? తిన్నగా టేసనే.
సేరినాక నాకో మిస్డు కాల్ కొట్టీ.
మాటాడక్కర్లేదు.
మోగితే సాలు."

ఆటో మలుపు తిరిగాక రాస్తుంది.
చివరి నాలుగంకెలు, టైము.
పేరు అడగదు, ఫోన్ నెంబరూ అడగదు.
గుర్తు రాస్తుంది.
పచ్చ సంచి.
రాయగడ నర్సు గుంట.
ఏడిసిన కుర్రోడు.
ఇద్దరు, ఒకడికి సెప్పుల్లేవు.
స్టేషనైతే ఏడు నిమిషాలు, మెడికల్ కాలేజీకి పన్నెండు,
గోపాలపురానికి అరగంట.
ఆ లెక్కకి ఫోను మోగి ఆగితే
గీత పక్కన ఒక టిక్కు.

మొదట్లో ఆటోవాళ్లు బండి తన్నేశారు.
ఆ రాత్రి మురిక్కాలవలో చెయ్యి పెట్టి
పగిలిన సీసాల గోళీలు ఒక్కొక్కటే ఏరుకుంది.
ఇప్పుడు వాళ్లే ఆపి
"రాసుకో మౌసీ" అంటారు.
రాయించుకోకుండా పోయేవాణ్ని
సందంతా తిరిగి చూస్తుంది.

పన్నెండున్నరకి నా లెక్క సరిపోతుంది.
సీసాలు, గ్లాసులు, వేయించిన పల్లీలు, పైసలతో సహా.
ఆమె లెక్క సరిపోదు.
నాలుగేళ్లలో పదకొండు గీతలకి టిక్కు లేదు.
మర్చిపోయుంటారు, నిద్రపోయుంటారు,
ఫోనులో చార్జి అయిపోయుంటుంది అంటాను.
"అయ్యుంటది" అంటుంది, పేజీ తిప్పదు.

అందులో ఒకటి
తెల్ల సొక్కా, ఇజీనారం మాట.
నాలుగో టేబులు.
పట్టు చీరల బేరానికి వచ్చానని
అందరికీ చెప్పుకున్నాడు, ఉంగరం తిప్పుకుంటూ.
పక్కన కూర్చున్నవాడు కొత్తవాడే,
పాత స్నేహితుడిలా పోస్తున్నాడు.
మూడో గ్లాసు అతను బాత్రూముకి వెళ్లినప్పుడు పోశాడు.
నేను చూశాను.
చూసి, ఎవరి పేరు మీద రాయాలో అడిగాను.
"నా పేరు మీదే" అన్నాడు.
రాశాను.

ఈ సంగతి దాలమ్మకి చెప్పలేదు.

పోయిన మంగళవారం మధ్యాహ్నం మూడింటికి
నిమ్మకాయలు కడుగుతుంటే
ఆమె ఫోను ఒక్కసారి మోగి ఆగింది.
తెలియని నెంబరు.
తిరిగి చేస్తే స్విచ్చాఫ్.
తడి చేతుల్తోనే పుస్తకం పట్టుకుని
మూసున్న బారులోకి వచ్చింది.
"సదువుకున్నోడివి కదా,
ఇది ఎవుల్దో సెప్పు."

పదకొండు గీతలు.
నా వేలు వద్దన్నా వినకుండా
తెల్ల చొక్కా దగ్గర ఆగింది.
ఆమె గీత చూడలేదు.
నా వేలు చూసింది, తర్వాత నన్ను.
పెన్సిలు నాలిక మీద తడుపుకుని
చాలాసేపు అలాగే నిలబడింది.

బయట ఎండలో
ఎవరో బస్సు దిగినట్టున్నారు.
కుఆడే జిబ, కుఆడే జిబ,
ఎక్కడికెళ్లాలి అని
ఆటోవాళ్లు అరుస్తున్నారు.