ఖాళీ గడి

బ్రోచరులో మా కొండ బాగా వచ్చింది.
ఆర్టు పేపరు, మూడు వేల కాపీలు.
అందులో లేని సంగతి,
రేణిగుంటలో రాత్రి రెండింటికి దిగిన పిల్లకు
హాస్టలు తాళం ఎవరి దగ్గర దొరుకుతుందో.

చికొండి బందా, మలావి, ఎమ్మెస్సీ జువాలజీ.
మూడు రిజిస్టర్లలో మూడు రకాలుగా రాశాను పేరు.
బైరాగిపట్టెడలో గది చూపిస్తే
ఓనరు నన్నడిగాడు, "ఎన్నాళ్లుంటాది సార్ ఇది?"
ఆమెకు తెలుగు రాకపోవడం
ఆ పూటకి నా అదృష్టం.

వారంపాటు మెస్సులో అన్నం కెలికి లేచిపోయేది.
ఎనిమిదో రోజు మునెమ్మ
వేడి సంగటి ముద్ద పెట్టి "తిను మే" అంది.
పిల్ల ముద్ద తుంచింది,
బొటనవేలితో గుంట చేసింది,
పులుసు ముంచుకుంది.
ఎవరూ నేర్పలేదు.
"మా ఇంట్లో ఇది తెల్లగా ఉంటుంది,"
ఇంగ్లీషులోనే అంది.
మునెమ్మకేం అర్థమైందో,
ఇంకో ముద్ద వేసింది.

విదేశీ విద్యార్థులకు కల్పించిన సౌకర్యాలు:
తనిఖీ ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే
సంగటి అని రాశాను.
రిజిస్ట్రారు గారు కొట్టేసి
'అంతర్జాతీయ స్థాయి భోజన వసతి' అని దిద్దారు.

కింద మెస్సు కిటికీలోంచి
మునెమ్మ కేక:
"కొండమ్మా, యాడుండావు మే,
పులుసు చల్లారిపోతా ఉండాది!"