కొమ్ము దీర్ఘం

డజను పువ్వులకి ఇంత అని లెక్క.
ఏజెంటు సాయంత్రానికే వస్తానన్నాడని
వాకిట్లో కూర్చుని లేసు అల్లుతున్నాను.
భానోజీ నోట్సు నా ఒళ్లో పడేసి
కాలవ గట్టుకి పరిగెత్తాడు.

పేజీ నిండా ఎర్ర సిరా.
తలకట్లు ఎగిరిపోయాయి.
కొమ్ములు పక్క అక్షరాన్ని పొడుస్తున్నాయి.
ఒత్తులు గీత దాటి
రేవు మెట్ల మీద కాలు జారినట్టు
కిందకి, ఇంకా కిందకి.
నొక్కి నొక్కి రాసిన చోట కాగితానికి చిల్లి.

కొట్టాను.
మూడో తరగతి నించీ కొడుతూనే ఉన్నాను.
"నోరు పెట్టుకుని ఊరేలతావు, నాలుగు ముక్కలు రాయలేవా" అని.
నిజమే, నోరుంది వాడికి.
మాధవాయిపాలెంలో పంటు ఎన్నింటికి కదులుతుందో,
పోటెక్కితే ఎన్నో మెట్టు మునుగుతుందో,
పీతలు ఏ బొరియలో ఉన్నాయో
అడక్కపోయినా చెబుతాడు.

సువార్త టీచరు ఇంటికొచ్చింది.
"బద్ధకం కాదమ్మా" అంది.
డిస్‌గ్రాఫియా అంది.
మందు పేరనుకుని
పూటకెన్ని వెయ్యాలని అడిగాను.
ఆవిడ నవ్వలేదు.
"తలలో మాట ఉంటుంది.
చేతి దాకా వచ్చే దారిలో చిక్కు పడుద్ది."

నాకెక్కలేదు.
ఆవిడ నా క్రోషా సూది తీసుకుంది.
"ఒక్క పువ్వు నేర్పు."
చుట్టు, లాగు, మళ్లీ చుట్టు, చెబుతూనే ఉన్నాను.
పావుగంటకి మెడంతా చెమట.
నాలిక పళ్ల మధ్య నొక్కిపెట్టింది,
అచ్చం వాడిలాగే.
దారం ముద్దయి కూర్చుంది.
"ఎలా అల్లాలో నాకు తెలిసింది.
వేళ్లకే తెలీలేదు."

తలుపు చాటునించి భానోజీ అన్నాడు:
"నాకూ అంతే టీచర్."

ఈ మాట నాతో ఎన్నిసార్లు అన్నాడో.
నా అరుపుల్లో నాకేం వినపడింది గనక.

ఏదో మారిపోయిందని కాదు.
పెన్సిలుకి గుడ్డపీలిక చుట్టి ఇచ్చింది టీచరు.
నాలుగు లైన్లు చాలంది, మిగతాది నోటితో అప్పజెప్పమంది.
హెడ్మాస్టరు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.
వాడి చెయ్యి ఇంకా నొప్పెడుతుంది,
రాత్రుళ్లు కొబ్బరినూనె రాస్తాను.

అన్నాలయ్యాక వాడు చెబుతాడు, నేను రాస్తాను.
ఐదో తరగతి చదువు నాది,
చెయ్యి మాత్రం కుదురు.
నిన్న, పంటు మీద దూడ బెదిరి
ఎవరిదో కూరలబుట్ట నీళ్లలోకి తన్నిన కథ.
రాసి వాడి ముందు పెట్టాను.
పెదాలు కదుపుతూ చదివి
మూడో లైను మీద వేలు ఆన్చాడు.

"దూడకి కొమ్మిచ్చావు.
దీర్ఘం ఏదమ్మా?"