కంట్రోల్ గ్రూపు

మెంటరింగ్ ఎంతవరకు పనిచేసిందో చెప్పమన్నారు,
శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల.
ఒకటి నుంచి ఐదు దాకా గడులు.

నేను చిత్తూరులో స్టాటిస్టిక్స్ చెప్తాను,
మేడమీద చివరి గదిలో.
లెక్కకు భయపడే మనిషిని కాను.
ఇరవై మంది పిల్లలు, రెండు సెమిస్టర్లు,
సగటు నలభై తొమ్మిది నుంచి యాభై ఒకటిన్నర.
ఆ రెండున్నర నాదో,
పేపరు సులువుగా ఇచ్చినవాళ్ళదో.

ముందొక నిజం:
కలిసిన తేదీల్లో సగం
ఒకే మధ్యాహ్నం ఒకే పెన్నుతో రాసినవి.
అందులో ఒకటి గంగజాతర సెలవని
తర్వాత చూసుకున్నాను.

అందరికన్నా పెరిగింది దొరవేలు,
ముప్పై ఎనిమిది నుంచి అరవై ఆరు.
ఏడాదంతా ఒక్కసారీ నా గది గడప తొక్కలేదు.
గ్రాఫు పైకి లేచిందంటే వాడి పుణ్యమే.

తగ్గింది మునిరత్న.
ప్రతి బుధవారం వచ్చేది,
బంగారుపాళ్యం బస్సు దిగి, పాదాల నిండా దుమ్ముతో.
ప్రామాణిక విచలనం మూడుసార్లు చెప్పించుకుంది,
నాలుగోసారి నాకే కొత్తగా అర్థమైంది.
యాభై నాలుగు కాస్తా నలభై ఏడు.
ఏమైందంటే
"రాత్రి షిఫ్టు మేడమ్, తోతాపురి సీజన్ గదా" అనింది.
గోళ్ళ చుట్టూ పసుపు ఇంకా పోలేదు.
"మా నాయన చదువు మానుకోమన్యాడు.
బుధవారం మేడమ్ కాసుకోనుంటాది, పోవల్ల అని చెప్పినా."

నేను కాసుకొని లేను.
ఆ గంటలో పేపర్లు దిద్దుకునేదాన్ని.
తలుపు తీసి ఉండేది, అంతే.

పద్ధతి ప్రకారం
ఇంకో మునిరత్న కావాలి.
అదే ఊరు, అదే బస్సు, అదే నాయన,
బుధవారం మాత్రం లేని మునిరత్న.
ఒకరిలోంచి ఒకరిని తీసేస్తే
మిగిలేదే నా పని.

నిన్న పలమనేరు పోతుంటే
గుజ్జు ఫ్యాక్టరీ ముందర బస్సు ఆగింది.
కాయల ట్రాక్టర్లు, పులిసిన వాసన, ఈగలు.
షిఫ్టు దిగిన ఆడపిల్లలు
తలకు ప్లాస్టిక్ టోపీలు తీయకుండానే ఎక్కారు.
ఒకమ్మాయి నా పక్కన కూలబడి
ఒళ్ళో ఫారం మీద వేలు పెట్టింది.
"ఇదేంది మేడమ్, పరీక్షా?"
అవునన్నాను.
"నేను ఇంటర్‌తో నిలిపేసినా" అని,
ఎందుకని అడిగేలోపే నిద్రపోయింది.
మలుపు మలుపుకీ తల నా భుజానికి తగులుతూ ఉంది.

కాగితం మీద పచ్చటి వేలిముద్ర,
రెండుకీ మూడుకీ మధ్య.
ఆఫీసులో ఇంకో కాపీ ఇస్తామన్నారు.
వద్దన్నాను.